వ్యాపారం ఎవరిది? పెట్టుబడిదారీ విధానంలో, సోషలిజంలో యాజమాన్యం తేడా ఎక్కడుంది

వ్యాపారం వ్యక్తులదైతే పెట్టుబడిదారీ విధానం, ప్రభుత్వానిదైతే సోషలిజం, తేడా ఇంతేనా? అదే నిజమైతే ప్రభుత్వ కంపెనీలున్న దేశాలన్నీ సోషలిస్టు దేశాలైపోవాలి కదా? సోషలిజం వస్తే సొంత ఇల్లు, చిన్న కొట్టు కూడా పోతాయా? ఈ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు సగం నిజం. రెండోది కాదు. మూడోది దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఇల్లు మాత్రం సోవియట్ రాజ్యాంగం కూడా లాక్కోలేదు. వివరంగా చెప్తాను.

గందరగోళమంతా "యజమాని" అంటే ఒక్క హక్కు అనుకోవడం వల్ల వస్తుంది. వ్యాపారం మీద యాజమాన్యం విడదీస్తే నాలుగు ముక్కలవుతుంది. మేనేజర్‌ని పెట్టేదీ తీసేదీ ఎవరు, ఇది మొదటిది. ఖర్చులన్నీ పోగా మిగిలింది ఎవరికి చేరుతుంది, ఇది రెండోది. ఆ వ్యాపారాన్ని లేదా అందులో తన భాగాన్ని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, పిల్లలకు రాసివ్వడానికి, మూసెయ్యడానికి ఎవరికి అధికారం ఉంది, ఇది మూడోది. నష్టమొస్తే ఎవరి జేబు చిరుగుతుంది, ఇది నాలుగోది. మీరు బజారులో నడిపే సొంత కొట్టులో నాలుగూ మీ దగ్గరే ఉంటాయి కాబట్టి అది ఒక్కటే హక్కులా కనిపిస్తుంది. వ్యాపారం కాస్త పెద్దదైతే చాలు, ఏ వ్యవస్థలోనైనా ఇవి విడిపోయి వేర్వేరు చేతుల్లోకి పోతాయి.

చాలామంది రెండో ముక్క దగ్గర, అంటే లాభం దగ్గర, ఆగిపోతారు. నన్నడిగితే రెండు వ్యవస్థలనూ తేలిగ్గా వేరు చేసి చూపించేది మూడోది, అమ్ముకునే హక్కు. ఎందుకో లెక్కలు వేసి చూస్తే తెలుస్తుంది.

ఒక బూట్ల ఫ్యాక్టరీ తీసుకుందాం. ఏడాది అమ్మకాలు 1,000. తోలు, రబ్బరు, విద్యుత్తు వగైరాలకు 550. జీతాలు 250. యంత్రాల తరుగుదల 60. బ్యాంకు వడ్డీ 40. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 100. ఏ కరెన్సీ అన్నది మనకు అనవసరం. ఈ ఫ్యాక్టరీనే నాలుగు చోట్ల పెట్టి చూద్దాం.

మొదట వాటాల కంపెనీగా. ఆ 100 మీద పన్ను పాతిక శాతం అనుకుంటే 75 మిగులుతుంది. డైరెక్టర్ల బోర్డు 30 వాటాదారులకు డివిడెండ్‌గా పంచి, 45 కంపెనీలోనే ఉంచుతుంది. ఉంచిన 45 కూడా వాటాదారులదే. చేతికి రాదు గానీ వాటా విలువలో కలుస్తుంది. కార్మికుల 250 ఒప్పందం ప్రకారం వచ్చేది. మిగులు 100 కాస్తా 300 అయితే వాళ్ళకు దానంతటదే ఒక్క పైసా పెరగదు, మిగులు మైనస్‌లోకి పోయినా చేసిన పనికి జీతం బాకీనే. బోర్డును ఎన్నుకునే ఓటు మనిషికి ఒకటి కాదు, వాటాకు ఒకటి. సగానికి పైగా వాటాలున్నవాడే బోర్డును నిలబెడతాడు.

ఇక్కడ ఒక సూక్ష్మం తరచూ తప్పిపోతుంటుంది. వాటాదారుడు ఫ్యాక్టరీకి యజమాని కాడు. ఫ్యాక్టరీకి యజమాని కంపెనీ అనే చట్టపరమైన వ్యక్తి. వాటాదారుడికున్నవి ఆ కంపెనీ మీద కొన్ని హక్కులు మాత్రమే. గేటు దాటి లోపలికొచ్చి "నావే కదా" అని ఒక జత బూట్లు పట్టుకుపోతే అది దొంగతనమే. ఈ సంగతి తేల్చిన ప్రసిద్ధ కేసు కూడా బూట్ల వ్యాపారిదే కావడం విశేషం. లండన్‌లో ఆరన్ సాలమన్ తన సొంత వ్యాపారాన్ని ఒక కంపెనీకి అమ్మాడు. ఆ కంపెనీలోని 20,007 వాటాల్లో 20,001 తనవే, మిగతా ఆరు ఇంట్లోవాళ్ళవి. కంపెనీ దివాలా తీసింది. అప్పులవాళ్ళు "కంపెనీ అంటే సాలమనే, అతనే కట్టాలి" అన్నారు. 1897లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం, కుదరదంది. కంపెనీ వేరు, సాలమన్ వేరు. పైగా అతను తాకట్టు హామీతో కంపెనీకి అప్పిచ్చినవాడు కూడా కాబట్టి, మామూలు అప్పులవాళ్ళ కంటే అతని వంతే ముందు.

ఇంగ్లండ్‌లో పరిమిత బాధ్యత చట్టం 1855లో వచ్చింది. అంటే నాలుగో ముక్క, నష్టం మోసేది, పెట్టుబడిదారీ విధానంలో కూడా పూర్తిగా యజమాని నెత్తిన ఉండదు. పెట్టిన డబ్బు వరకే పోతుంది. ఆ పైన పోయేది సరుకు అరువిచ్చినవాళ్ళది, కొన్నిసార్లు కార్మికులది, ప్రమాదం జరిగితే చుట్టుపక్కల జనానిది. "యజమానే రిస్కు తీసుకుంటాడు కాబట్టి లాభం అతనిదే" అన్న వాదన వినేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వాదన తప్పు కాదు, కానీ చెప్పినంత నిండుగా ఉండదు.

అమ్ముకునే హక్కు మాత్రం ఇక్కడ చెక్కుచెదరదు. దాని పుట్టుక 1602 నాటి డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ దగ్గర చూడొచ్చు. పదేళ్ళకు మూలధనం వెనక్కి తీసుకోవచ్చన్నారు. 1612 వచ్చింది, ఇవ్వలేదు. డబ్బు కావాలంటే ఆమ్‌స్టర్‌డామ్‌లో తమ వాటాను ఇంకొకరికి అమ్ముకోవాల్సిందే. వాటాదారులకు కంపెనీ నడిపించడంలో నోరు పెద్దగా లేదు. అయినా వాటా చేతులు మారుతుండేది, దానికో ధర ఉండేది. వ్యాపారం రేపు ఎంత సంపాదిస్తుందన్న అంచనా ఇవాళే ఒక ధరగా మారి, దాన్ని జేబులో వేసుకునే వీలు కలగడం పెట్టుబడిదారీ యాజమాన్యపు గుండెకాయ.

ఇప్పుడదే ఫ్యాక్టరీని 1965 సంస్కరణల తర్వాతి సోవియట్ యూనియన్‌లో పెడదాం. డైరెక్టర్‌ని మంత్రిత్వశాఖ నియమిస్తుంది. ఎన్ని జతలు చేయాలో ప్రణాళికలో వస్తుంది. దాని పైస్థాయి లెక్కలు ప్రభుత్వ ప్రణాళికా సంఘమైన గోస్‌ప్లాన్‌వి. తోలు ప్రభుత్వ సరఫరా సంస్థ గోస్‌స్నాబ్ కేటాయింపు, ధర ప్రభుత్వం నిర్ణయం, ఖాతా ప్రభుత్వ బ్యాంకులో. ఫ్యాక్టరీకి సొంత లెక్కలు, సొంత బ్యాలెన్స్ షీటు ఉంటాయి. "అన్నీ ప్రభుత్వ ఖజానా లోంచే" అనుకోవడం పొరపాటు. మిగులు 100లోంచి మొదట వాడుతున్న మూలధనం మీద రుసుము పోతుంది, మామూలుగా 6 శాతం. ఆ తర్వాత ఫ్యాక్టరీ దగ్గర మూడు నిధులకు కొంత ఉంటుంది. బోనస్‌లకు ఒకటి, ఇళ్ళు, సాంస్కృతిక అవసరాలకు ఒకటి, ఉత్పత్తి విస్తరణకు ఒకటి. ఇంకా మిగిలితే బడ్జెట్‌కు జమ. ఇది కాక బూట్ల లాంటి వినియోగ వస్తువుల ధరలోనే అమ్మకపు పన్ను కలిసి ఉండి నేరుగా ఖజానాకు పోయేది. మిగులు ఎక్కువగా ఈ దారినే పట్టేది.

మరి మూడో ముక్క? ఎవరి దగ్గరా లేదు. డైరెక్టర్ ఫ్యాక్టరీని అమ్మలేడు. కార్మికులు అమ్మలేరు. మంత్రిత్వశాఖ ఒక యంత్రాన్ని ఇంకో ఫ్యాక్టరీకి బదిలీ చెయ్యగలదు గానీ, ఫ్యాక్టరీ మొత్తానికి ధర కట్టి బేరం పెట్టే బజారే లేదు. "ప్రజలందరిదీ" అన్న ఆస్తిలో ఏ ఒక్కరికీ విడిగా అమ్ముకోగల భాగం లేదు.

ఇక్కణ్ణుంచే జబ్బులు మొదలయ్యాయి. డైరెక్టర్ బోనస్ ప్రణాళిక నెరవేరడం మీద వేలాడుతుంది. ఫ్యాక్టరీ పదేళ్ళ తర్వాత ఎంత విలువ చేస్తుందన్నది అతని లెక్కలోకి రాదు. లక్ష్యం జతల్లో ఇస్తే, తేలిగ్గా కుట్టగలిగే సైజులూ మోడళ్ళూ ఎక్కువ చేసి పారేస్తాడు. లక్ష్యం విలువలో ఇస్తే ఖరీదైన తోలు వాడిన మోడళ్ళ వైపు జరుగుతాడు. ఈ ఏడు 110 శాతం సాధిస్తే వచ్చే ఏడు లక్ష్యం ఆ 110 నుంచే మొదలవుతుంది. అందుకని తెలివైన డైరెక్టర్ 102 దగ్గర ఆగి, మిగతా సామర్థ్యాన్ని దాచుకుంటాడు. తోలు సమయానికి వస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి దొరికినప్పుడు అవసరానికి మించి నిల్వ చేస్తాడు. అందరూ అలాగే చేస్తే దేశంలో తోలున్నా కొరతే. నెల మొదట్లో సామాను రాక పని నత్తనడక, ఆఖరి పది రోజుల్లో పరుగు. ఆ పరుగులో తయారైన సరుకు నాణ్యత ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇతర ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి సామాను రాబట్టడానికే "తోల్కాచ్" అనే మనుషుల్ని పెట్టుకునేవారు. వాళ్ళ ఉద్యోగం పేరు కాగితం మీద ఇంకేదో ఉండేది.

ఇవి సోమరితనం వల్లో, చెడ్డ మనుషుల వల్లో వచ్చిన జబ్బులు కావు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా చాలావరకు అలాగే నడుచుకుంటారు.

మూడోచోటు యుగోస్లావియా. సోషలిజం అంటే సోవియట్ నమూనా ఒక్కటే అనుకునేవాళ్ళు దీన్ని తప్పక చూడాలి. 1950లో వచ్చిన చట్టం సంస్థల నిర్వహణను కార్మిక మండళ్ళకిచ్చింది. 1965 సంస్కరణలతో మార్కెట్ పాత్ర బాగా పెరిగింది. ఆస్తి ప్రభుత్వానిది కాదు, వ్యక్తులదీ కాదు, "సామాజిక ఆస్తి" అన్నారు. మన బూట్ల ఫ్యాక్టరీ లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. జీతం ఖర్చుల్లో ఉండదు! 1,000 లోంచి ముడిసరుకు 550, తరుగుదల 60, వడ్డీ 40 పోగా 350 మిగులుతుంది. పన్నులు కట్టాక, అందులో చేతికి ఎంత తీసుకోవాలి, సంస్థలో ఎంత ఉంచాలి అన్నది కార్మిక మండలి తేల్చుకుంటుంది. మొదటి ముక్క చాలావరకు, రెండో ముక్క మొత్తం కార్మికుల చేతికొచ్చాయి. మూడోది రాలేదు. సంస్థను అమ్మి సొమ్ము పంచుకోవడానికి వీల్లేదు, ఆస్తుల విలువ తగ్గకుండా కాపాడాల్సిన బాధ్యత ఉంది, ఉద్యోగం మానేస్తే ఏదీ వెంట రాదు.

మరో ఐదేళ్ళలో రిటైరయ్యే మనిషి స్థానంలో నిలబడి ఆలోచించండి. పదిహేనేళ్ళకు ఫలితమిచ్చే యంత్రం కోసం ఇవాళ తన ఆదాయం తగ్గించుకుంటాడా? తీసుకోగలిగినంత చేతికి తీసుకుని, పెట్టుబడి కోసం బ్యాంకు అప్పు తెద్దామంటాడు. కొత్తవాళ్ళను చేర్చుకుంటే 350ని ఇంకా ఎక్కువ మందికి పంచాలి కాబట్టి, లాభాల్లో ఉన్న సంస్థకు కూడా మనుషుల్ని పెంచే తొందర ఉండదు. నిరుద్యోగం పెరిగి, లక్షల మంది పశ్చిమ జర్మనీ దారి పట్టారు. 1989లో ద్రవ్యోల్బణం వెయ్యి శాతం దాటింది. విదేశీ అప్పులు, దేశంలోని రిపబ్లిక్‌ల మధ్య తగాదాలు కూడా దానికి కారణాలే, తప్పంతా కార్మిక మండళ్ళ మీద తోసెయ్యలేం. కానీ నష్టాల్లో ఉన్న సంస్థలు కూడా అప్పు మీద జీతాలు పంచగలిగాయన్నది వాస్తవం.

నాలుగోచోటు పెట్టుబడిదారీ దేశంలోనే ఉన్న కార్మిక సహకార సంఘం. స్పెయిన్ బాస్క్ ప్రాంతంలో 1956లో మొదలైన మోన్‌డ్రాగన్ ఇందులో అన్నిటికంటే పెద్ద పేరు, 70 వేల మందికి పైగా పనిచేస్తున్న సంఘాల సమాఖ్య. సభ్యుడికి ఒక ఓటు, పెట్టుబడి ఎంతైనా సరే. చేరేటప్పుడు ఒక మొత్తం కట్టాలి. మిగులులో పదో వంతు విద్య, సామాజిక పనులకు. పెద్ద భాగం ఎవరికీ పంచడానికి వీల్లేని రిజర్వుకు. మిగతాది సభ్యుల వ్యక్తిగత మూలధన ఖాతాల్లో జమ. ఆ ఖాతా మీద వడ్డీ వస్తుంది, అసలు మాత్రం సంఘం వదిలేటప్పుడో రిటైరయ్యేటప్పుడో తీసుకోవాలి. బయటివాళ్ళకు అమ్మడం లేదు.

ఈ ఖాతా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, యుగోస్లావియాలో చూసిన సమస్యకు మందు అదే. రిటైరయ్యే మనిషికి సంస్థ భవిష్యత్తుతో ఒక లంకె ఉంటుంది. అయితే ఈ మందుకూ దుష్ప్రభావం ఉంది. ఉద్యోగం, పొదుపు రెండూ ఒకే బుట్టలో పడతాయి. 2013లో గృహోపకరణాలు తయారుచేసే ఫాగోర్ దివాలా తీసినప్పుడు సభ్యులు పనితో పాటు ఖాతాలోని సొమ్మూ పోగొట్టుకున్నారు. చాలామందికి సమాఖ్యలోని వేరే సంఘాల్లో పని దొరికింది, డబ్బుకు ఆ దారి లేకపోయింది. ఇంకో సంగతి, మోన్‌డ్రాగన్‌లో పనిచేసేవాళ్ళంతా సభ్యులు కారు. విదేశాల్లో పెట్టిన అనుబంధ కంపెనీల్లో ఎక్కువమంది మామూలు జీతగాళ్ళే.

ఇక రెండో ప్రశ్న. ప్రభుత్వానిదైనంత మాత్రాన సోషలిజం అవుతుందా?

2009లో జనరల్ మోటార్స్ దివాలా తీస్తే అమెరికా ప్రభుత్వం సుమారు 61 శాతం వాటా తీసుకుంది. అప్పుడు అది ప్రభుత్వ కంపెనీయే. 2013 డిసెంబరులో ఆఖరి వాటా కూడా అమ్మేసి, సుమారు 1,000 కోట్ల డాలర్ల నష్టంతో బయటపడింది. ఆ నాలుగేళ్ళూ కంపెనీ మార్కెట్ కోసమే కార్లు చేసింది, వాటాల రూపం మారలేదు, కార్మికులు జీతానికే పనిచేశారు. నార్వేలో ఈక్వినార్ చమురు కంపెనీలో 67 శాతం ప్రభుత్వానిది, మిగతాది ఓస్లో, న్యూయార్క్ ఎక్స్ఛేంజీల్లో కొనుక్కోవచ్చు. అదే దేశపు పెన్షన్ నిధి ప్రపంచంలో లిస్టయిన కంపెనీల వాటాల్లో సుమారు ఒకటిన్నర శాతం పట్టుకుని కూర్చుంది. ప్రభుత్వమే ఒక వాటాదారులా ప్రవర్తించడం ఇది. డివిడెండ్ తీసుకుంటుంది, ఓటేస్తుంది, అమ్మాలనుకుంటే అమ్ముతుంది. నార్వే, స్వీడన్ లాంటి నార్డిక్ దేశాలను సోషలిస్టు అనడం నాకు అందుకే సరిపడదు. అక్కడ పన్నులు ఎక్కువ, సంక్షేమం ఎక్కువ, ఫ్యాక్టరీలు మాత్రం ఎక్కువభాగం ప్రైవేటువే.

బ్రిటన్‌లో 1947 జనవరి 1న బొగ్గు గనులు దాదాపు అన్నీ జాతీయమయ్యాయి. "ఈ గనిని ఇకపై ప్రజల తరఫున జాతీయ బొగ్గు బోర్డు నిర్వహిస్తుంది" అని గని దగ్గర బోర్డులు పెట్టారు. పాత యజమానులకు పరిహారం ముట్టింది. గని కార్మికుడికి మేనేజర్‌ని ఎన్నుకునే హక్కు రాలేదు. చాలాచోట్ల నిన్నటి మేనేజరే ఇవాళా ఉన్నాడు. సోషలిజం అంటే పనిచేసేవాళ్ళ చేతికి నిర్ణయాధికారం రావడం అనుకునేవారికి ఇది సోషలిజం కాదు. లాభం ప్రైవేటు జేబులోకి పోకుండా ఆపడమే చాలు అనుకునేవారికి ఇది సోషలిజమే. సోషలిస్టుల మధ్య శతాబ్దానికి పైగా నడుస్తున్న గొడవల్లో ఇదొకటి, నేను తీర్చేది కాదు.

చైనా విషయంలో ఒక వివరం చాలామందికి తెలియదు. ప్రభుత్వ సంస్థలకు యజమాని ప్రభుత్వమే. అయినా 1994 పన్ను సంస్కరణల నుంచి 2007 వరకు ఆ సంస్థలు లాభంలో డివిడెండ్ అంటూ దాదాపు ఏమీ కట్టలేదు. పన్ను కట్టేవి, మిగులు తమ దగ్గరే పెట్టుకునేవి. పెద్ద సంస్థల తరఫున యజమాని పాత్ర పోషించడానికి 2003లో కేంద్రంలో ప్రత్యేక కమిషన్ ఒకటి పెట్టి, 2007 నుంచి రంగాన్ని బట్టి 5, 10 శాతం చొప్పున వసూలు మొదలుపెట్టారు. అంతవరకు రెండో ముక్క ఆచరణలో మేనేజర్ల దగ్గర ఉండిపోయింది. కాగితం మీద పేరున్నంత మాత్రాన మిగులు చేతికి రాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

మూడో ప్రశ్న, ఇల్లు, చిన్న కొట్టు. సోషలిస్టు చట్టాలు ఉత్పత్తి సాధనాలను వ్యక్తిగత ఆస్తి నుంచి వేరు చేస్తాయి. 1936 సోవియట్ రాజ్యాంగం ఇల్లు, పొదుపు, ఇంటి సామాను, వాటి వారసత్వపు హక్కు గుర్తించింది. సొంత రెక్కల మీద బతికే రైతునూ, చేతివృత్తివాణ్ణీ అనుమతించింది. కూలికి ఇంకొకరిని పెట్టుకోవడం దగ్గర గీత గీసింది. ఈ గీత ఎక్కడ పడిందో వరుసగా చూస్తే ఆసక్తిగా ఉంటుంది. సోవియట్ రష్యాలో 1920 నవంబరు డిక్రీతో యంత్రశక్తి ఉంటే ఐదుగురి కంటే, లేకపోతే పదిమంది కంటే ఎక్కువ పనివాళ్ళున్న సంస్థలన్నీ జాతీయమయ్యాయి. ఏడాది తిరగకముందే నూతన ఆర్థిక విధానం పేరుతో చిన్న పరిశ్రమల తలుపులు మళ్ళీ తెరిచి, ఆ దశాబ్దం చివర్లో మళ్ళీ మూశారు. యుగోస్లావియాలో ప్రైవేటు చేతివృత్తివాడు ఇంట్లోవాళ్ళు కాక ఐదుగురిని పెట్టుకోవచ్చు. చైనాలో 1980లలో ఆ సంఖ్య ఏడు. అది దాటిన ప్రైవేటు సంస్థలకు 1988లో రాజ్యాంగ గుర్తింపు వచ్చింది. క్యూబాలో 2021 నిబంధనల్లో 100. సోషలిస్టు చట్టానికి మొదటి అభ్యంతరం మీరు యజమాని కావడం మీద కాదు, ఇంకొకరి శ్రమ మీద మిగులు తీసుకోవడం మీద. కొట్టు చిన్నదా పెద్దదా అన్నది అద్దె చూసి కాదు, లోపల జీతానికి పనిచేసేవాళ్ళ తలలు లెక్కపెట్టి తేల్చేవారు.

ఆచరణలో ఈ పరిమితులు తెచ్చే చిక్కు ఊహించగలరు. ఏడో మనిషి దగ్గర వ్యాపారం ఆగిపోతుంది, లేదా రెండు పేర్ల మీద రెండుగా విడిపోతుంది, లేదా పెద్దగా ఎదిగిన ప్రైవేటు ఫ్యాక్టరీ స్థానిక పాలకమండలి పేరు మీద నమోదవుతుంది. చైనాలో ఈ మూడోదానికి "ఎర్ర టోపీ పెట్టుకోవడం" అని పేరే ఉంది. తర్వాత టోపీ తీసెయ్యాలనుకున్నప్పుడు సంస్థ నిజంగా ఎవరిదన్న తగాదాలొచ్చాయి.

నష్టం సంగతి వేరుగా చెప్పాలి. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయి గమనించింది ఇది. సోషలిస్టు సంస్థకు నష్టమొస్తే పైనుంచి సబ్సిడీయో, పన్ను మాఫీయో, కొత్త అప్పో వస్తుంది. మూతపడదని ముందే తెలుసు. తెలిసినప్పుడు ఖర్చు తగ్గించే పట్టుదల ఎందుకుంటుంది? లాభాల్లో ఉన్న సంస్థ మిగులును మంత్రిత్వశాఖ లాగి నష్టాల సంస్థకు పోస్తుంది కాబట్టి బాగా నడిపినవాడికి కూడా ఉత్సాహం చస్తుంది. ఈ జబ్బు సోషలిజానికే పరిమితం కాదు. 2008లో పెద్ద బ్యాంకులను ప్రజాధనంతో కాపాడినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే, కాకపోతే అక్కడ అంతకుముందు ఏళ్ళ లాభాలు అప్పటికే ప్రైవేటు జేబుల్లోకి వెళ్ళిపోయాయి.

పెట్టుబడిదారీ యాజమాన్యానికి సొంతంగా ఉన్న జబ్బులు కూడా చూడాలి. వాటాలు లక్షల మంది మధ్య చెదిరితే ఒక్కొక్కరికీ మేనేజ్‌మెంట్‌ని కనిపెట్టుకుని ఉండే ఓపిక ఉండదు. ఆ ఖాళీలో మేనేజర్లు తమకు తామే యజమానులైపోతారు. జీతాలు పెంచుకుంటారు, అవసరం లేని కంపెనీలు కొంటారు. దీనికి ఎదురుగా వ్యవస్థాపకులు ఓట్లను వేరు చేసి పెట్టుకుంటారు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌లో ఒక రకం వాటాకు పది ఓట్లు, ఒక రకానికి ఒక ఓటు, ఇంకో రకానికి అసలు ఓటే లేదు. డబ్బు అందరిదీ, పగ్గాలు కొందరివి. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది అప్పుతో కొనుగోలు. కంపెనీని కొనడానికి చేసిన అప్పును తిప్పి ఆ కంపెనీ ఖాతాలోనే రాస్తారు. మన బూట్ల ఫ్యాక్టరీలో వడ్డీ 40 నుంచి 120కి పెరిగిందనుకోండి, 100 మిగులు 20కి పడిపోతుంది. ఖర్చులు అంతే ఉండి అమ్మకాలు రెండు శాతం తగ్గినా, తగ్గిన 20తో మిగులు సున్నా. బూట్లు బాగానే అమ్ముడవుతున్నాయి, ఫ్యాక్టరీ మాత్రం మూతపడే అంచుకు చేరుతుంది.

ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి మారడం అన్నిటికంటే కష్టమైన పని. కారణం మూడో ముక్కే. ఎవరిదీ కానిదాన్ని ఎవరికో ఒకరికి చెయ్యాలి, లేదా ఎవరిదో ఒకదాన్ని అందరిదీ చెయ్యాలి. రష్యాలో 1992లో ప్రతి పౌరుడికీ 10,000 రూబుళ్ళ ముఖవిలువ ఉన్న వోచరు ఇచ్చారు. ఫ్యాక్టరీల ముందు పెట్టిన పద్ధతుల్లో ఎక్కువ ఫ్యాక్టరీలు ఎంచుకున్నది అక్కడి ఉద్యోగులు, మేనేజర్లు కలిసి 51 శాతం కొనుక్కునే పద్ధతి. కాగితం మీద కార్మికులదే పైచేయి. కానీ ధరలు మండిపోతున్నాయి, జీతాలు నెలల తరబడి రావడం లేదు, వాటా విలువ ఎంతో చెప్పే బజారు లేదు, వాటాదారుల పట్టికను భద్రపరిచే స్వతంత్ర వ్యవస్థ బలంగా లేదు. చేతిలో డబ్బున్నవాళ్ళు చవగ్గా కొనేశారు. 1995లో అప్పులకు హామీగా పెద్ద చమురు, నికెల్ సంస్థల వాటాలను బ్యాంకులకు అప్పగించిన పథకంతో మిగతా కథ పూర్తయింది. బజారు కంటే ముందు రిజిస్టరు, కోర్టు ఉండాలన్నది అక్కడ తలకిందులైంది.

రెండో దిశలో స్వీడన్ ప్రయత్నం చూడదగ్గది. 1976లో అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య ఒక ప్రణాళికను ఆమోదించింది. ఒక స్థాయి దాటిన కంపెనీలు ఏటా లాభంలో 20 శాతానికి సమానమైన కొత్త వాటాలు జారీ చేసి కార్మికుల నిధికి ఇవ్వాలి. నగదు బయటికి పోదు, కంపెనీలోనే ఉంటుంది, యాజమాన్యం మాత్రం నెమ్మదిగా జరుగుతుంది. లాభం మూలధనంలో 10 శాతం ఉంటే ఏటా 2 శాతం కొత్త వాటాలు, ఆ లెక్కన 35 ఏళ్ళలో నిధికి సగం వాటా వస్తుంది. లాభం 20 శాతమైతే ఏటా 4 శాతం, 18 ఏళ్ళకే సగం. ఎంత లాభాల కంపెనీ అయితే అంత తొందరగా చేతులు మారుతుంది! యజమానులు వీధుల్లోకొచ్చి ప్రదర్శనలు చేశారంటే ఆశ్చర్యమేముంది. 1983 చివర్లో బాగా పలచబడిన రూపంలో చట్టం వచ్చింది, 1991 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

కాబట్టి ఫలానా సంస్థ ఏ రకమో తెలుసుకోవాలంటే దాని పేరు పక్కన "ప్రభుత్వ", "ప్రజా", "సహకార" అని ఏమున్నా పక్కన పెట్టి, నియమావళి తెరవండి. బోర్డును ఎన్నుకునే ఓటు మనిషికా, వాటాకా, మంత్రికా చూడండి. వార్షిక లెక్కల్లో నికర లాభం కింద దాని పంపకం ఉంటుంది. డివిడెండ్, రిజర్వు, సభ్యుల ఖాతా, ఖజానా, వీటిలో దేనికి ఎంత పోయిందో చూడండి. వాటా బదిలీ నిబంధన చదవండి, బయటివాడు కొనగలడా, సభ్యుడు వెళ్ళిపోతే విలువ కట్టి ఇస్తారా, ఉత్త చేతులతో పంపుతారా. నష్టాలొచ్చిన ఏడాది లెక్కలు దొరికితే ఇంకా మంచిది. ఆ లోటు ఎవరు పూడ్చారో అక్కడే ఉంటుంది. చిన్న అక్షరాలు వదలొద్దు. జర్మనీలో 1976 చట్టం ప్రకారం 2,000 మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక బోర్డులో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులవి. చూడ్డానికి సగం సగం. ఓట్లు సమానంగా చీలితే రెండోసారి జరిగే ఓటింగులో చైర్మన్‌కు అదనపు ఓటు ఉంటుంది. బోర్డులో మూడింట రెండొంతుల మద్దతు ఎవరికీ రాకపోతే, ఆ చైర్మన్‌ని ఎన్నుకునేది వాటాదారుల పక్షమే.